బాత్రూంలో పోయిన కన్ను

బాత్రూం కడిగేటప్పుడు రోజారమణి ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునే గాగుల్స్ పెట్టుకుంటుంది. నీలం రంగువి. వాళ్ళాయన వరహాలరావు ఆన్‌లైన్లో తెప్పించాడు, "సేఫ్టీ ఫస్ట్ రోజా" అంటూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అడక్కుండా ఆవిడ కోసం ఆయన కొన్న వస్తువు అదొక్కటే. బాత్రూం కడగడం ప్రమాదమని తేలాక ఆ ఇంట్లో జరిగిన మార్పు కూడా అదొక్కటే. కడిగే మనిషిని మారుద్దామని ఎవరికీ తోచలేదు. తోస్తే ఇంకెవరో కడగాలి కదా.

"గాగుల్సెట్టుకున్నావేటే?" హాల్లోంచి అత్తగారు వెంకటరమణమ్మ అడిగింది.

"పెట్టుకున్నానత్తయ్యా."

"ఆ రోజే ఎట్టుకునుంటే కన్ను పోయేదా? ఒద్దే ఆ యాసిడ్డు, సర్ఫేసి రుద్దుకో అని నాను మొత్తుకుంతానే ఉన్నాను. ఇంటే కదా."

ఆ రోజు వెంకటరమణమ్మ బొబ్బిల్లో కూతురింట్లో ఉంది. ఆ మాటకొస్తే రోజారమణి కూడా ఆ రోజు బాత్రూంలో లేదు. గోపాలపట్నంలోనే లేదు. తగరపువలస దాటాక ఉండే రొయ్యల ఫ్యాక్టరీలో ఉంది. ఆవిడ కుడికన్ను పోయింది అక్కడ. బాత్రూంలో పోయిందని చెప్పింది వాళ్ళాయన.

వరహాలరావు ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో అసిస్టెంట్ మేనేజరు. అసిస్టెంట్ అన్న మాట విజిటింగ్ కార్డు మీద ఉంటుంది, నోట్లో ఉండదు. ఆ రొయ్యల ఫ్యాక్టరీకి మిషన్ల మీద అప్పిచ్చింది వాళ్ళ కంపెనీయే, ఫైలు నడిపింది ఈయనే. కూతురి ఇంజనీరింగ్ ఫీజు నెత్తిమీదకొచ్చేసరికి ఆ పరిచయంతోనే పెళ్ళాన్ని అక్కడ క్వాలిటీ సెక్షన్లో పెట్టించాడు. బీరువాలో చీరల కింద ఉన్న జువాలజీ డిగ్రీ అలా బయటికొచ్చింది. అపార్ట్‌మెంట్లో మాత్రం "ఎక్స్‌పోర్ట్ ఆఫీసు, అడ్మిన్" అని చెప్పాడు. రొయ్య అన్న మాట గేటు దాటి లోపలికి రాకూడదు. కంపెనీ బస్సు సందు చివర మెడికల్ షాపు దగ్గర దింపాలి. ఇంటికి రాగానే నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకోవాలి. అదే మనిషి ఆదివారం పొద్దున్నే కిలో రొయ్యలు పట్టుకొచ్చి, "ఇగురు కొంచెం దగ్గరగా చెయ్యి" అనేవాడు. కంచంలో రొయ్య పరువైనదే. పెళ్ళాం చేతికి కొట్టే రొయ్య వాసనతోనే ఆయనకి ఇబ్బంది.

నిరుడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం రొయ్యలు ఒలిచే హాల్లోకి ఆవిడ చెకింగుకి వెళ్ళింది. చల్లగదికి వెళ్ళే పైపు దగ్గర బుస్సుమని చప్పుడైంది. ఏమిటా అని తల తిప్పి చూసింది. చూడటమే తప్పయింది. అమ్మోనియా మొహానికి కొట్టింది. ఊపిరి లోపలికి రాలేదు, కేక బయటికి రాలేదు. ఎవరో ఆప్రాన్ పట్టుకుని బరబరా ఈడ్చి, రొయ్యలు కడిగే ఐసునీళ్ళ తొట్లో ఆవిడ మొహం ముంచేశారు. కొట్టుకుంటుంటే మెడ ఇంకా గట్టిగా నొక్కి, "సత్తే సత్తావు గానీ మేడమ్మా, కళ్ళు మాత్రం తెరు!" అని అరిచిందొక గొంతు. అది అక్కడ రొయ్యలు ఒలిచే సీతాలు గొంతు. ఆ నీళ్ళ వల్లే ఎడమకన్ను మిగిలిందని తర్వాత డాక్టర్ చెప్పాడు.

ఆసుపత్రిలో రెండు కళ్ళకీ కట్టు కట్టారు. మంచం పక్కన ఫ్యాక్టరీ మేనేజరు గొంతు వినబడింది. "ఫ్యాక్టరీ అంటే పోలీసులకి రాయాల్సొస్తుంది రావుగారూ. లోన్ రెన్యూవల్ మీ టేబుల్ మీదే ఉంది. ఇద్దరికీ ఇబ్బంది. మేడమ్ మా ఫ్యామిలీ మెంబరు, ఆపరేషన్ సంగతి మేం చూసుకుంటాం." ఫ్యామిలీ అన్న మాట దగ్గరే ఆవిడకి అనుమానం రావాల్సింది. ఫ్యామిలీ అంటే చేసిన చాకిరీకి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదని ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అప్పుడు డాక్టర్ వచ్చాడు. ఎక్కడ జరిగిందని అడిగాడు. "ఇంట్లోనండీ. బాత్రూం కడుగుతుంటే యాసిడ్ చిందింది," అన్నాడు వరహాలరావు, తడుముకోకుండా. ఆవిడ కళ్ళకి కట్టు కట్టారు గానీ నోటికి కట్టలేదు. అయినా నోరు పెగల్లేదు. మళ్ళీ చూపొస్తుందా రాదా అన్న భయం తప్ప ఆ పూట ఇంకేం పట్టలేదు.

తర్వాత మెల్లిగా బోధపడింది. ఫ్యాక్టరీలో జరిగితే ఎవరో ఒకరు బాకీ పడతారు. ఇంట్లో జరిగితే ఎవరూ పడరు. అంత పెద్ద ప్రమాదాన్ని ఎవరూ బాకీ పడని చోటు చూసి మరీ పెట్టాడాయన. ఆ చోటు ఇంట్లో ఆడమనిషి పనిచేసే చోటే.

ఒకసారి చెప్పాక ఆ అబద్ధం ఇంట్లో చుట్టంలా తిష్ట వేసింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో "లేడీస్ దయచేసి గమనించగలరు" అంటూ యాసిడ్ సీసా బొమ్మతో మెసేజి పెట్టారు. జెంట్స్ గమనించక్కర్లేదు. ఎదురు ఫ్లాట్ కనకరత్నం పరామర్శకొచ్చి, ముందు బాత్రూం చూసి, తర్వాత మనిషిని చూసింది. "టైల్స్ మాత్రం బాగున్నాయి రోజాగారూ," అంది. వెంకటరమణమ్మ అయితే మొదట్లో "అలా అన్నారు" అని చెప్పేది, తర్వాత "అలా జరిగింది" అంది, ఇప్పుడు "నా కళ్ళతో సూసాను" అంటోంది. మగ్గు ఎర్రదంట. కోడలు "అమ్మా" అని మూడుసార్లు అరిచిందంట. ఆ వివరాలు వినీ వినీ రోజారమణికే ఒక్కోసారి దడ పుట్టేది. చీపురు పట్టుకుని అక్కడ నిలబడితే నిజంగా ఇక్కడే జరిగిందేమో అనిపించేది. అంతలోనే ఒళ్ళు చల్లబడేది. కన్ను పోతే పోయింది, పోయిన చోటు కూడా పోతే ఇంక మనిషికి మిగిలేదేమిటి?

ఇంకో భయం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే బాల్కనీలో బట్టలారేస్తూ ఎడమకంటితో సింహాచలం కొండకేసి చూస్తుంది. చెట్లు విడివిడిగా కనబడితే ఆ పూటకి గండం గడిచినట్టు. ఈమధ్య చెట్లన్నీ కలిసి ఒకటే పచ్చటి ముద్దలా కనబడుతున్నాయి. కుడికంటికి కొత్త పొర వెయ్యాలి, ఎడమది కూడా మసకేస్తోంది, ఆలస్యం చెయ్యొద్దు అని డాక్టర్ చెప్పినప్పుడు గదిలో ఆవిడొక్కతే ఉంది. వరహాలరావు పార్కింగ్ వెతుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన ఆఫీసువాళ్ళ ఇన్సూరెన్స్ ఆయనకొక్కడికే. ఫ్యాక్టరీవాళ్ళు ఆవిడకి సూపర్‌వైజర్ అని పేరు పెట్టి ఈఎస్ఐ వైద్యబీమా ఎగ్గొట్టారు. ఆపరేషన్ అంటే ఆ మేనేజరు మాటే దిక్కు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం వరహాలరావు టై వదులు చేసుకుంటూ వచ్చి, "ఫ్యాక్టరీ దివాలా తీసింది. మనం సేఫ్," అన్నాడు. ఆ "మనం"లో ఆవిడ లేదని భోజనాల దగ్గర తెలిసింది.

ఆ రోజు వంజరం పులుసు. తల ఆయనకి, నడుం ముక్కలు ఆయనకీ అత్తగారికీ. ఆవిడ నిలబడి వడ్డిస్తోంది. ఆయన ముల్లు తీస్తూ తల్లికి పాఠం చెబుతున్నాడు.

"దివాలా అంటే ఇదివరకులా తాళం వేసి పారిపోడం కాదమ్మా. ట్రిబ్యునల్ ఒక మనిషిని పెడుతుంది. ఆయన ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకుంటాడు. ఎవరికెంత రావాలో చూస్తాడు. వచ్చినదాంట్లో ముందు ఆయన ఖర్చులు. తర్వాత తాకట్టు పెట్టుకున్న మేం, జీతాలు రావాల్సిన కూలీలు. తక్కినవాళ్ళు ఆ తర్వాత, వరసగా. అందరికీ రావాల్సినదాంట్లో ఎంతో కొంత హెయిర్‌కట్ తప్పదనుకో."

"హెయిర్‌కట్టేట్రా? సింహాచలంలో ఇచ్చినట్టా?"

"మాకు సైడ్లో కొంచెం కటింగ్. వెనకవాళ్ళకి గుండు."

"దెబ్బలు తగిలినవాళ్ళు?" అడిగింది రోజారమణి.

"వాళ్ళు ఆఖర్న. మిగిల్తే."

"మిగుల్తుందా?"

"మజ్జిగ వెయ్యి," అన్నాడు.

వాళ్ళు లేచాక ఆవిడ కూర్చుని గిన్నె వంచింది. పులుసు ఉంది, ముక్క లేదు. ఈ చట్టం రాసినవాళ్ళెవరో ఒకసారి మా వంటింట్లోకి తొంగి చూసుంటారు అనుకుంది.

బాకీ రావాల్సినవాళ్ళు చెప్పుకోండని పేపర్లో ప్రకటన పడింది. వెంకటరమణమ్మ దాని మీద బీరకాయ చెక్కు పోస్తుంటే, చెక్కు పక్కకి జరిపి ఎడమకంటితో చదివింది. ఆయన ఆఫీసుకెళ్ళాక ఆసుపత్రి కాగితాలు ఫొటోలు తీసి పంపింది. కొన్నాళ్ళకి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకున్నాయన ఆఫీసు నుంచంట. చాలా మర్యాదస్తుడు.

"మేడమ్, మీ కన్ను విషయంలో మేం చాలా బాధపడుతున్నాం. కానీ ఆసుపత్రి కాగితంలో మీ ఇంటి బాత్రూం అని ఉందండి. మీ బాత్రూం మా కంపెనీ ఆస్తుల్లో లేదండి."

"సారీ అండీ," అంది రోజారమణి. ఫోన్ పెట్టేశాక, సారీ ఎందుకు చెప్పానా అని ఆలోచించింది. అలవాటు.

ఆ వారంలోనే కింద నుంచి వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో గట్టిగా చెప్పాడు. "మేడంగారూ, సీతాలంటండీ. రొయ్యల ఫ్యాక్టరీలో మీతో పన్జేసిందంటండీ!" ఇన్నాళ్ళూ గేటు బయట ఆగిన రొయ్య అలా లిఫ్టెక్కి పైకొచ్చింది. వెంకటరమణమ్మ గబగబా సోఫా మీద పాత దుప్పటి కప్పింది, ఉతకడానికి తీసినట్టు.

సీతాలు భీమిలి పక్క పల్లెమనిషి. ఇదివరకు గొంతెత్తితే హాలంతా వినబడేది. ఇప్పుడు ప్రతి నాలుగు మాటలకీ దగ్గు. దుప్పటి కేసి చూసి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎలాగున్నావు మేడమ్మా? కన్నేటి అలా తెల్లగైపోనాది?" అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "మా తరపున ఓ లాయరుబాబు తిరుగుతన్నాడు. కంపెనీ దివాలా ఎత్తితే ఇంక కేసులెయ్యకూడదంట, ఏసినవి ఆగిపోతాయంట. అందరూ ఆ ఒక్క గుమ్మంకాడే నిలబడాలంట. సరే, నిలబడ్డాం. ఫ్యాక్టరీ కొంటానన్నోడు దెబ్బలు తగిలినోళ్ళ వైద్దానికి కొంత పక్కనెడతానన్నాడంట. నిజమని తేలినోళ్ళకే. ఆ ఆపీసోళ్ళేటంతన్నారో తెలుసా? ఆ రోజు అసలు గేసే లీకవనేదంట."

"అవలేదా?"

"అయితే ఎవరో ఒకలు ఆసుపత్రికెల్లుండాలి కదా అంతన్నారు. మాం ఎల్లనేదు. మజ్జిగ తాగితే పోద్దన్నాడు మేనేజరు, తాగీసి పనిలోకెల్లిపోనాం. ఎల్తే కూలి కోసేత్తారు కదా. ఎల్లింది నువ్వొక్కదానివే. నువ్వేమో..." సీతాలు బాత్రూం తలుపుకేసి చూసింది. "ఇంట్లో కడుగుతన్నావంట."

ఆ అబద్ధం తన కంటి వరకే అనుకుంది రోజారమణి ఇన్నాళ్ళూ. అది ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, హాల్లో ఉన్న ఆడవాళ్ళందరి గొంతుల్లోంచీ ఆ విషపు గాలిని తుడిచేసిందని తెలీదు.

"మాతో ఒలిసే రాణి మంచం దిగట్నేదు," అంది సీతాలు. "నిన్నేటీ అనడానికి రానేదు మేడమ్మా. ఒక్కటే సెప్పు. ఆ రోజు నువ్వక్కడున్నావా, నేవా? అందరూ నేదు నేదంతంటే నాకే అనుమానమొచ్చేత్తంది. నీ మెడ నొక్కింది నానేనా అని."

"ఏ రోజు?" వెంకటరమణమ్మ అందుకుంది. "మా కోడలు ఇంట్లోనే ఉంది. నా కళ్ళతో సూసాను."

"ఉన్నాను సీతాలూ," అంది రోజారమణి. గొంతు అంత చిన్నగా వచ్చిందేమిటా అని ఆవిడకే అనిపించింది. "అక్కడే ఉన్నాను."

వెంకటరమణమ్మ నోరు తెరిచి, ఎర్ర మగ్గు సంగతి చెప్పబోయి, మానేసింది.

వరహాలరావుకి మామూలుగా ఆఫీసు తెలుగు. కోపమొస్తే బొబ్బిలి తెలుగు. సీతాలొచ్చిన సంగతీ, పెళ్ళాం అన్న మాటా తల్లి ఫోన్లో చెప్పేసింది కాబట్టి ఆ సాయంత్రం బూట్లు విప్పకుండానే బొబ్బిలి వచ్చేసింది.

"నీకేటి పిచ్చి గానీ ఎక్కిందా? నాను అబద్దం సెప్పేనని నువ్వు రాసిత్తావా? లోన్ రెన్యూవల్ సేసింది నాను. యాక్సిడెంటు దాసి సేసేనని మావోళ్ళకి తెలిస్తే నా ఉద్దోగం ఉంతాదా? ఫ్లాటు ఈఎమ్ఐ ఎవుడు కడతాడు, సీతాలు కడతాదా? మన కుటుంబంలో ఎవులైనా ఎప్పుడైనా ఇలా రోడ్డెక్కేరా?"

"నా కన్నండీ."

"ఇంకోటుంది కదా!"

అనేశాక ఆయనకే బాగోలేనట్టుంది. ఏసీ రిమోట్ వెతకడం మొదలుపెట్టాడు.

"అదీ పోతోంది," అంది ఆవిడ. బయటికి చెప్పడం అదే మొదలు. "కొండ మీద చెట్లు కనబట్టం లేదు."

ఆయనకి రిమోట్ దొరికింది గానీ నొక్కలేదు. మొహంలో ఏదో కదిలింది. నిజంగానే కదిలింది. కానీ మధ్యతరగతి మొగుడికి ఏది కదిలినా చివరికి క్యాలెండర్ దగ్గరే ఆగుతుంది. "చూద్దాం," అన్నాడు. "దసరా వెళ్ళనీ."

ఆ తర్వాత రోజులన్నీ రోజారమణి భయంతోనే గడిపింది. పప్పు కడుగుతూ భయపడింది, బట్టలు మడతపెడుతూ భయపడింది. నిజం చెబితే ఈయన ఉద్యోగం పోతుంది. కూతురి చదువు మధ్యలో ఆగుతుంది. ఫ్లాట్ పోతుంది. కనకరత్నం మళ్ళీ పరామర్శకొస్తుంది, ఈసారి టైల్స్ కూడా మెచ్చుకోదు. మొగుణ్ణి వీధిలో పెట్టిన మనిషి అని బొబ్బిలి నుంచి భీమిలి దాకా చెప్పుకుంటారు. చెప్పకపోతే? ఏదో ఒక పొద్దున్న కొండే కనబడదు. తర్వాత బాల్కనీ కనబడదు. చేత్తో గోడలు తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తుంది. వెళ్ళడం మాత్రం మానదు, ఆ సంగతి ఆవిడకి ఖాయంగా తెలుసు. గుడ్డిదైనా చారు బాగా పెడుతుందని అత్తగారు పదిమందికీ గొప్పగా చెబుతుంది. అది తలుచుకుంటే ఆవిడకి నవ్వొచ్చింది. ఎటు చూసినా భయమే. కాకపోతే ఒక భయాన్ని కళ్ళతో చూడొచ్చు, రెండోదాన్ని చీకట్లో కూర్చుని పడాలి.

సీతాలువాళ్ళ లాయరు గట్టిగా అడిగాక, కాగితాల గురించి మాట్లాడాలని ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకున్నాయన ఆఫీసువాళ్ళు పిలిచిన రోజు రైతుబజారుకని చెప్పి బయల్దేరింది. ద్వారకానగర్లో చీరల షాపు పైన ఆఫీసు. వరండాలో సీతాలూ, ఇంకో నలుగురూ గోడకి ఆనుకుని దగ్గుతున్నారు. లోపల ఏసీ గది, బల్ల మీద జీడిపప్పు బిస్కట్లు. ఆ పూటే అప్పులిచ్చినవాళ్ళ మీటింగంట. ముందుగా వచ్చి ఫైళ్ళు సర్దుకుంటున్నవాళ్ళలో వరహాలరావు ఉన్నాడు.

ఆవిణ్ణి చూడగానే ఆయన చేతిలో బిస్కట్ అలాగే ఉండిపోయింది. "నువ్వేటిక్కడ?" అన్నాడు పళ్ళు బిగించి, పక్కవాళ్ళకి నవ్వుతున్నట్టే కనబడుతూ.

ఫోన్ చేసిన కుర్రాడు మర్యాదగా కుర్చీ చూపించాడు. వరహాలరావు లేచొచ్చి ఆవిడకి కుడిపక్క కూర్చున్నాడు. చూపు లేని పక్క. ఆయన ఊపిరి వినబడుతోంది గానీ మనిషి కనబడటం లేదు.

"చెప్పండి మేడమ్. కాగితం ఇంట్లో అంటోంది. మీరు ఫ్యాక్టరీలో అంటున్నారు."

"ఫ్యాక్టరీలోనే. బయట ఉన్నవాళ్ళందరూ ఉన్నారు. నన్ను కాపాడింది వాళ్ళే."

"వాళ్ళు కాంట్రాక్టరు మనుషులండీ. వాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ఆసుపత్రిలో ఇచ్చిన స్టేట్‌మెంట్ తప్పని చెప్పగలిగే సాక్షి ఎవరైనా కావాలి. అప్పుడు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు."

బల్లకింద ఒక బూటు ఆవిడ పాదాన్ని తొక్కింది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఆవిడ నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే ఆయన ఇలాగే తొక్కుతాడు. తొక్కగానే ఆవిడ ఆగిపోతుంది. ఈసారీ మాట ఆగింది. వరండాలో ఎవరో దగ్గారు, చాలాసేపు.

ఆవిడ పాదం వెనక్కి తీసుకుంది.

"ఉన్నారు," అంది. ఎన్నడూ పైకి పలికింది లేదు ఆ పేరు. గ్యాస్ బుకింగ్‌వాడడిగినా "మా ఆయన పేరు మీదే" అని ఊరుకునేది. నాలుక తిరగదేమో అనుకుంది గానీ తిరిగింది. "జామి వరహాలరావు."

కుర్రాడు సగం రాసి ఆగాడు. బల్ల మీదున్న విజిటింగ్ కార్డు చూశాడు. ఆవిడ కుడిపక్కకి చూశాడు. "మేడమ్, ఈయన..."

"మా ఆయనే. ఆ స్టేట్‌మెంట్ ఇచ్చింది ఆయనే."

కుర్రాడు పెన్ను కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "ఒకసారి ఇంటికెళ్ళి ఆలోచించుకోండి మేడమ్. ఇది ఒకసారి రాస్తే మళ్ళీ వెనక్కి తీసుకోవడం ఉండదు. మీకు... భయంగా లేదా?"

"భయంగానే ఉంది బాబూ," అంది రోజారమణి. "రాయండి."